నాంచారి పొదిగిన బాతులు

ఇది నిన్నా మొన్నటి మాట కాదు. మన తాతలకి తాతలు కూడా పుట్టని రోజుల్లో సంగతి. కొల్లేటి నడుమ ఒక లంక ఉండేది. ఆ లంకలో నాంచారి అని ఒక మనిషి ఉండేది. మొగుణ్ణి నీళ్ళు మింగాయి. బిడ్డలు లేరు. వాళ్ళ బాతుల గూడూ వీళ్ళ బాతుల గూడూ ఊడ్చి, పెట్టింది తిని, పలకరించే దిక్కులేక బాతులతోనే కబుర్లు చెప్పుకునేది.

లంకకి బాతులే పంట, బాతులే పాడి. అలాంటిది ఒక ఏడు మాయరోగం దిగింది. పొద్దున ఈదిన బాతు సాయంత్రానికి వెల్లకిలా తేలింది. ఒక్కటీ మిగల్లేదు. ఆ ఏడే వరీ మునిగింది. పసిపిల్లలు ఏడవడానికి కూడా ఓపిక లేక పడుకున్నారు.

లంక పెద్ద పెద్దిరాజు ఒడ్డున ఉన్న ఊరికి పడవేసుకెళ్ళి, వాళ్ళ కాళ్ళావేళ్ళా పడి మూడు బుట్టల గుడ్లు తెచ్చాడు.

“ఇయ్యి పిల్లలైతే ఇక్కడుంటాం. లేదంటే లంకొదిలేసి అడుక్కుతినడమే” అన్నాడు.

పొదగడానికి తల్లి బాతు లేదు. రెండు బుట్టల గుడ్లు కోళ్ళ కింద పెట్టారు. మూడో బుట్టకి కోళ్ళు చాల్లేదు. దాన్ని నాంచారికిచ్చారు. ఆమె ఊకని పెనం మీద వెచ్చబెట్టి, గుడ్ల చుట్టూ పోసి, చల్లారగానే మళ్ళీ మార్చేది.

మొదటి బుట్టలో గుడ్డుకి చిల్లి పడింది. లోపల పిల్ల కూసింది. తర్వాత చప్పుడు లేదు. నాంచారి ప్రాణం ఆగలేదు. “ఊపిరాడక సచ్చిపోతందేమో” అని గోటితో పెంకు వలిచింది. ఆమెని చూసి అందరూ వలిచారు. లోపలి పొర మీద నరాలింకా ఆరలేదు. నెత్తురు కారి పిల్లలు చేతుల్లోనే పోయాయి. తొందరపడిన పాపం అందరిదీ, పేరు మాత్రం నాంచారిది.

రెండో బుట్టని ఎవరూ ముట్టుకోలేదు. పిల్లలు వాటంతటవే బయటికొచ్చాయి. పుట్టిన రోజే పిల్లలకి నీళ్ళు చూపించడం ఆ లంక ఆచారం. డప్పు కొట్టి, పసుపు చల్లి, నీళ్ళలో వదులుతారు.

“వద్దక్కా” అని నాంచారి అడ్డుపడింది. “తల్లి రెక్కల జిడ్డు అంటితేనే గదా పిల్ల ఒళ్ళు తడవంది. ఇయ్యి కోడి కింద పుట్టినయ్.”

పెద్దిరాజు పెళ్ళాం మాణిక్యం కస్సుమంది. “పాపిష్టిదానా, నోరుముయ్యి! బాతుకి నీళ్ళు చేటా?”

వదిలారు. పిల్లలు తడిసి ముద్దయ్యాయి. వణికి వణికి, పొద్దుగూకేసరికి కట్టెల్లా బిగుసుకున్నాయి.

ఇక మిగిలింది నాంచారి బుట్ట. ఊకలో వేడి చాలక ఆ గుడ్లు ఇంకా పగల్లేదు. ఆకలిమీదున్న జనం గుడిసె చుట్టూ మూగారు. ఉడకేసుకుంటే ఒక పూటైనా గడుస్తుందన్నారు.

నాంచారి బుట్ట మీద బోర్లా పడింది. “నా గంజి కూడా మీ పిల్లలకే పొయ్యండి పెద్దయ్యా. ఈటిని మాత్రం ముట్టుకోబాకండి.”

“ఇయ్యి గాని పోయినయ్యా, లంకొదిలి పోయేప్పుడు మా పడవలో నీకు చోటు లేదు” అన్నాడు పెద్దిరాజు.

ఆనాటి నుంచి ఆమె గంజి పిల్లలు తాగారు. ఆమె నీళ్ళు తాగింది.

గుడ్లకి చిల్లులు పడే వేళకి తుఫాను పట్టింది. ఊక తడిసింది. పొయ్యి ఆరింది. నాంచారి గుడ్లన్నీ ఒళ్ళో పోసుకుని, పొట్టకి ఆనించుకుని, ఉన్న ఒక్క పొడిచీరా వాటికే కప్పి ముడుచుకు పడుకుంది. పిల్లలు లోపల్నించి కూస్తున్నాయి. వేళ్ళు వలుద్దామని లాగుతున్నాయి. రెండు చేతులూ చంకల్లో దోపుకుంది.

“నెమ్మదమ్మా, నెమ్మది. నేనీడనే ఉన్నా” అంది. వాన ఆగలేదు. “నెమ్మదమ్మా” అంది. గాలి ఆగలేదు. మూడోసారి అన్నదో లేదో ఎవరికీ తెలీదు.

తెరిపిచ్చాక మాణిక్యం వచ్చి తడిక తీసింది. నాంచారి చల్లబడిపోయి ఉంది. మెడ కింద, చంకల్లో, చీర మడతల్లో పచ్చటి పిల్లలు, పొడిగా, గోలగోలగా కదులుతున్నాయి.

పాడె లేస్తే పిల్లలు బారుకట్టి వెనకాలే నడిచాయి. పూడ్చిన చోటే కూర్చున్నాయి. నూకలు చల్లితే తినలేదు. పిలిస్తే రాలేదు. పుట్టకముందు నుంచీ అవి విన్న గొంతు ఒక్కటే. కాసేపుంటే అవీ వాలిపోయేలా ఉన్నాయి. లంకంతా నిలబడి చూస్తోంది.

అప్పుడు మాణిక్యం, ఆ రాత్రి గుడ్లకి కప్పిన నాంచారి చీర తెచ్చి తన ఒంటికి చుట్టుకుంది. మట్టిలో మోకాళ్ళ మీద కూలబడింది. పాపిష్టిదానా అని తప్ప ఆమెని పేరుపెట్టి పిలవని నోరది.

“నేను నాంచారినే. రండమ్మా” అని భోరుమంది. పిల్లలు తలలెత్తాయి. ఒక్కొక్కటే వచ్చి ఆ చీరలో దూరాయి.

లంక బతికింది. ఇప్పటికీ అక్కడ ఎవరింట గుడ్లు పగిలినా, ఆ ఇంటి ఆడది పాతచీర కట్టుకుని పిల్లల దగ్గర కూర్చుంటుంది. అవి నీళ్ళకి అలవాటుపడేదాకా ఆమెకి సొంత పేరు ఉండదు. ఇంటి మొగాడు పూటపూటా గుమ్మంలో నిలబడి, “నాంచారమ్మా, అన్నం తిన్నావా?” అని అడుగుతాడు. ఆమె తిన్నానన్నాకే ఇంట్లో తక్కినవాళ్ళు కంచాల ముందు కూర్చుంటారు.