ఒట్టు వేయని ఓబెడ్

ఏడు సముద్రాలు దాటక్కర్లేదు, ఒక్క పెద్ద సముద్రం దాటితే చాలు, అమెరికా అనే నేల వస్తుంది. ఇది ఇప్పటి సంగతి కాదు. అదింకా దేశం కాని రోజుల సంగతి. ఎక్కడో ఇంగ్లండులో కూర్చుని ఒక రాజు ఆ నేలని ఏలేవాడు. "అంత దూరాన కూర్చుని మా మీద నీ పెత్తనమేంటి?" అని అక్కడి జనం తిరగబడ్డారు. తుపాకులు పేలాయి. ఆ యుద్ధం ఎలా ముగిసిందో పుస్తకాల్లో ఉంటుంది, చదువుకోండి. నేను చెప్పేది ఆ యుద్ధం మొదలైన కొత్తలో ఒక ఊళ్లో వేలాడిన ఉప్పు బుట్ట గురించి.

సముద్రపొడ్డున, ఇసుక దిబ్బల వెనక ఉండేది ఆ ఊరు. అందులో జెరూషా అనే ఆవిడ ఉండేది. మొగుడు చేపల వేటకెళ్లి తిరిగి రాలేదు. పెద్ద కొడుకులిద్దరూ రాజు మీద యుద్ధానికి వెళ్లారు. ఇంట్లో మిగిలింది ముగ్గురు చిన్నపిల్లలు, ఒక పంది. ఆ ఊళ్లో చలికాలం ముందు పందిని కోసి, మాంసానికి ఉప్పు పట్టించి పీపాల్లో దాచుకుంటారు. మంచు కురిసినన్నాళ్లూ అదే తిండి. ఉప్పు లేకపోతే మాంసం కుళ్లుతుంది. మాంసం కుళ్లితే పిల్లలు పస్తులే.

ఉప్పు ఎప్పుడూ ఓడల్లో వచ్చేది. ఇప్పుడు రాజుగారి యుద్ధనౌకలు ఒక్క ఓడనీ ఒడ్డుకి రానివ్వడం లేదు. అప్పుడు ఊరికి ఓబెడ్ గుర్తొచ్చాడు.

ఓబెడ్ ముసలివాడు, నా అన్నవాళ్లు లేనివాడు. దిబ్బ మీద చిన్న పాకలో ఉండేవాడు. తిమింగలం కొవ్వు కాచే పాత ఇనప బాన ఒకటి ఎక్కడో సంపాదించి, అందులో సముద్రపు నీళ్లు కాచి ఉప్పు తీసేవాడు. తడి ఉప్పుని బుట్టలకెత్తి పాకలో వేలాడదీసేవాడు. మంచివాడే. కాకపోతే అందరిలాంటివాడు కాదు. అక్కడే వచ్చింది తంటా.

ఆయన మతశాఖ వేరు. ఆ శాఖవాళ్లకి మనుషులందరూ సమానం, అందుకని ఎవరినైనా "నువ్వు" అనే అంటారు. ఊరి పెద్ద సైలస్‌ని కూడా ఓబెడ్ "నువ్వు" అనేవాడు. సైలస్‌కి ఒళ్లు మండిపోయేది. ఇక ఆయన ప్రార్థన చూడాలి! పాటా లేదు, మాటా లేదు. ఆదివారం వస్తే ఒడ్డున కూర్చుని, సముద్రం వైపు చూస్తూ, నోరు మెదపకుండా గంటలు గంటలు గడిపేవాడు. అన్నిటికీ మించి, ఆ శాఖవాళ్లు ఒట్టు వేయరు. చంపినా వేయరు.

యుద్ధం రోజుల్లో అలాంటి మనిషికి కష్టమే కదా. సైలస్ ఊరందరినీ సమావేశపరిచాడు. రాజుని కాదంటున్నామని ఒక్కొక్కరూ చెయ్యెత్తి ఒట్టు వేయాలన్నాడు. అందరూ వేశారు. ఓబెడ్ వంతు వచ్చింది. చెయ్యి లేవలేదు.

"నువ్వు రాజు వైపా, మా వైపా?" అన్నాడు సైలస్.

"రాజు వైపు కాదు."

"ఆ ముక్కే ఒట్టేసి చెప్పు."

"చెప్పాను కదా సైలస్. ఒట్టేస్తేనే నిజమైతే, ఇన్నేళ్లు ఒట్టు లేకుండా నీతో మాట్లాడిందంతా అబద్ధమా?"

జనం గుసగుసలాడుకున్నారు. "ఏమో, ఎవరి కడుపులో ఏముందో!" అన్నారు.

ఇక చూడండి. అదే పొగ అదే పాక మీంచి ఎన్నో ఏళ్లుగా లేస్తోంది, ఎవరూ తలెత్తి చూసింది లేదు. ఇప్పుడు ఆ పొగ రాజుగారి ఓడలకి సైగ అయిపోయింది. అదే ముసలాయన అదే ఒడ్డున కూర్చుంటున్నాడు. ఇప్పుడది ఎవరి కోసమో ఎదురుచూపు అయిపోయింది. ఏమో, ఎవరి కడుపులో ఏముందో!

జెరూషా ఉప్పు కోసం మొదటిసారి వెళ్లింది.

"తాతా, ఉప్పు పెట్టు. పందిని కోయాలి."

"చేదు దిగలేదమ్మా. నీళ్లు ఇంకా కారుతున్నాయి. ఆగాక రా."

"ఉప్పుకి చేదేంటి తాతా?" అని నవ్వి వెళ్లిపోయింది. ఓడలో వచ్చిన ఉప్పు తప్ప మరో ఉప్పు ఎరగదు పాపం.

రెండోసారి వెళ్లింది. "చేదు దిగలేదమ్మా" అన్నాడు. ఈసారి ఆవిడ నవ్వలేదు.

మూడోసారి వెళ్లింది. ఓబెడ్ ఆవిడని లోపలికి తీసుకెళ్లి, మూలనున్న పెద్ద బుట్ట చూపించాడు. "అది నీది. ముగ్గురు పిల్లలున్నారని పెద్దది కట్టాను. చేదు దిగాక పట్టుకెళ్లు."

ఇంటికొస్తూ దారంతా ఆలోచించింది జెరూషా. పాక నిండా బుట్టలున్నాయి. ఒక్కరికీ ఇవ్వడు. మరి ఎవరి కోసం? నాకని వేరే బుట్ట ఎందుకు కట్టినట్టు? నా కొడుకులు రాజు మీద యుద్ధానికెళ్లారని ఈయనకి తెలుసు కదా? కాళ్లు ఇంటివైపు కాకుండా సైలస్ ఇంటివైపు నడిచాయి.

"బుట్టలు బుట్టలుగా దాచాడయ్యా. ఎవరి కోసమో మరి" అంది.

సైలస్‌కి ఆ మాట చాలు. ఆదివారం ఓబెడ్ ఒడ్డున ప్రార్థనలో కూర్చున్నప్పుడు ఊరంతా వెళ్లి పాక తలుపు బద్దలు కొట్టింది. ఎవరికి దొరికింది వాళ్లు ఎత్తుకున్నారు. మూలనున్న బుట్ట మీద ఎవరో చెయ్యి వేయబోతే జెరూషా ఆపింది. "దాని జోలికి పోకండి. అది నాకని కట్టాడు. ఏం కలిపాడో ఏమో!" అని, గుమ్మం దగ్గరి బుట్టలోంచి ఒడి నిండా తడి ఉప్పు నింపుకుంది.

ఆ రాత్రి పందుల్ని కోసి, ఆ ఉప్పేసి వండుకున్నారు, ఊళ్లో పండగే. తెల్లారేసరికి ఊరంతా కడుపు పట్టుకుని పొదల వెంట పరుగులు. నవ్వకండి, పిల్లలు కూడా వాంతులతో సోలిపోయారు. నోరంతా చేదు, కడుపంతా మెలికలు.

"విషం! విషం పెట్టాడు!"

ఓబెడ్‌ని లాక్కొచ్చి నిలబెట్టారు. "విషం కలపలేదని ఒట్టు వెయ్యి. ఒక్క ఒట్టు. వదిలేస్తాం" అన్నాడు సైలస్.

"కలపలేదు."

"ఒట్టు వెయ్యి!"

"కలపలేదు. చేదు దిగకముందే పట్టుకెళ్లారు."

జెరూషాకే ఉండబట్టలేదు. "తాతా, ఒక్క మాటేగా. అనేస్తే పోతుంది కదా" అంది. ముసలాయన ఆవిడ వైపు చూశాడు గానీ, ఆ మాట అనలేదు.

మంట ఆర్పేశారు. బాన బోర్లించారు. మంచు కురుస్తుంటే ఆయన్ని ఊరి బయటికి తరిమేశారు. ఓబెడ్ జెరూషా ఇంటి ముందు నుంచే వెళ్లాడు. ఆవిడ కిటికీ తెర లాగేసుకుంది.

పిల్లలు కోలుకున్నారు. అందరూ కోలుకున్నారు. విషం తిన్నవాళ్లు ఇంత తేలిగ్గా ఎలా కోలుకున్నారని ఎవరూ అడగలేదు. జెరూషా మాత్రం ఉప్పు పట్టించని మాంసం ముందు కూర్చుని చాలా ఆలోచించింది. చివరికి, విషమో కాదో కళ్లతో చూద్దామని పాకకి వెళ్లింది.

మూలన బుట్ట అలాగే ఉంది. నీళ్లు కారడం ఆగిపోయింది. కింద మట్టి మూకుడు నిండా నీళ్లున్నాయి. భయపడుతూనే బుట్టలోంచి ఒక రవ్వ నాలిక మీద వేసుకుంది. తేటగా, కమ్మగా ఉంది. ఓడ ఉప్పు కూడా అంత బాగుండేది కాదు. మూకుట్లో వేలు ముంచి నాకింది. అదే చేదు. ఊరందరి కడుపులు మెలిపెట్టిన చేదు.

చేదు దిగలేదని తాత అన్న మాట గుర్తొచ్చింది. మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ నిజమే చెప్పాడు.

బుట్టనీ మూకుణ్ణీ తీసుకెళ్లి సైలస్ ముందు పెట్టింది. ఊరందరి చేతా ముందు ఉప్పు, తర్వాత మూకుట్లో నీళ్లు రుచి చూపించింది. అందరూ ఓబెడ్‌ని వెతకడానికి పరిగెత్తారు. అప్పటికే, ఆయనకంటే ముందే విషం కబురు పక్క ఊరికి చేరిపోయింది. అక్కడివాళ్లూ ఆయనకి తలుపు తీయలేదు. రెండూళ్ల మధ్య గడ్డివాము చాటున దొరికాడు. ఒళ్లు కొయ్యబారిపోయింది.

దిబ్బ మీదే పాతిపెట్టారు. సైలస్ ఏడుస్తూ, ఇలాంటి పాపం ఇంకెప్పుడూ చేయమని ఒట్టు వేయడానికి చెయ్యెత్తాడు. జెరూషా ఆ చేతిని పట్టుకుని కిందికి దించింది.

"ఆయన దగ్గర ఒట్టేంటయ్యా? చేయకుండా ఉంటే చాలదూ?" అంది. ఆ బుట్టలోంచే ఇంటింటికీ పిడికెడు పంచింది. ఆ ఏడు మిగిలిన మాంసం నిలిచింది ఆ ఉప్పుతోనే.

ఆ ఊళ్లో ఈనాటికీ ఎవరి మీదైనా నింద పడితే ముందు తడి ఉప్పు బుట్ట ఒకటి వేలాడదీస్తారట. చివరి చుక్క పడేదాకా తీర్పు చెప్పడానికి వీల్లేదు. అన్నాళ్లూ నింద పడ్డ మనిషికి తిండీ పడకా నింద వేసినవాళ్ల ఇంట్లోనే, పొయ్యి పక్కన. కొత్తవాళ్లు వింతపడి, ఇదేం పద్ధతని అడుగుతారు.

"ఓబెడ్ తాతకి తలుపు తీయలేదు కదా" అంటారు వాళ్లు.