పనస జిగురు

దగ్గరికి జరగండర్రా. గుమ్మంలో నిలబడ్డవాళ్లూ రండి, చాప మీద ఇంకా చోటుంది.

జోగారావు గారని ఒక పెద్ద డాక్టరు. ఆయన దగ్గర ఆపరేషన్లు నేర్చుకునే శిష్యుడు లీలాధర్. చెయ్యి చురుకు, నాలుక అంతకన్నా చురుకు.

ఒకనాడు మన్యం నుంచి దాలమ్మ వచ్చింది. సంతలో పనసపళ్లు అమ్ముకునే మనిషి. రెండేళ్లుగా పొట్ట పెరుగుతుంటే, "ఈ వయసులో మళ్లీ కడుపేటే?" అని ఊళ్లో నవ్వారట. స్కానింగులో పేగుల వెనక పెద్ద గడ్డ కనబడింది. ఎడమ కిడ్నీని కరుచుకుని ఉంది. సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితే, కొవ్వులో పుట్టిన కేన్సరని తేలింది.

"చిన్న గాటు పెట్టి, తొనలు ఒలిచినట్టు ముక్కముక్కలుగా తీసేస్తాను సార్. గంట పని. కిడ్నీ జోలికే పోనక్కర్లేదు" అన్నాడు లీలాధర్.

 ఉత్త చేతులతో రాకూడదని దాలమ్మ తెచ్చిన పనసపండు మంచం కిందుంది. గురువుగారు దాన్ని బల్ల మీద పెట్టి, చాకు అందించారు.

"తియ్యి."

లీలాధర్ కోశాడు. నాలుగు తొనలు వచ్చేసరికి వేళ్లు ఒకదానికొకటి అతుక్కున్నాయి. కోటుకు తుడిస్తే కోటుకు అంటింది. కళ్లజోడు సర్దుకుంటే కళ్లజోడుకు అంటింది. చివరికి దాలమ్మ కేసు కాగితం చేతిని వదల్లేదు.

దాలమ్మకు నవ్వాగలేదు. "నూనె రాసుకోకుండా పనస కోత్తారేటి బాబూ! నా సంచిలో సీసా ఉంది, రుద్దుకోండి."

చాలాసేపు రుద్దాడు.

"పోయిందా?" అన్నారు గురువుగారు.

"పోయింది సార్."

"గడ్డను కోస్తే కేన్సరూ ఇలాగే అంటుకుంటుంది. ఆవిడ కడుపులో ఏ నూనె పెట్టి రుద్దుతావు?"

 లీలాధర్ స్టూలు లాక్కుని దాలమ్మ పక్కన కూర్చున్నాడు.

"అమ్మా, గడ్డ చిట్లకుండా రావాలంటే, దాన్నంటుకున్న ఎడమ కిడ్నీ కూడా తియ్యాలి."

"ఒక్కదాంతో బతుకుతానా?"

"రెండోది బాగుంది. ఒక్కదాంతోనూ బతకొచ్చు."

"అయితే ఏదీ ఉంచకండి బాబూ. ఇంకోసారి ఊరిచేత నవ్వించుకోలేను."

పెద్ద గాటే పెట్టారు. మూడో గంటలో గడ్డకీ కిడ్నీకీ నడుమ మెత్తటి సందు దొరికింది. వేలు పెట్టి లాగితే గడ్డ ఒక్కటే ఊడివచ్చేలా ఉంది. లీలాధర్ వేలు అక్కడ ఆగింది. ఎదురుగా గురువుగారి కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. 

లీలాధర్ వేలు వెనక్కి తీసుకున్నాడు. కిడ్నీ అవతలి నుంచి చుట్టి వచ్చాడు.

ఇంకో రెండు గంటలకు గడ్డ, కిడ్నీ ఒకటిగా, ఎక్కడా చిట్లకుండా, రెండు చేతుల్లోకి వచ్చాయి. వాటిని పళ్లెంలో దించి, లీలాధర్ తన చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

సరే, లేవండర్రా. మీ అమ్మలు కంచాలు పెట్టుకుని చూస్తుంటారు. చేతులు శుభ్రంగా కడుక్కుని తినండి.