రాయలవారి పండగ పళ్లెం

కొండపాడు అనే ఒకానొక రాజ్యాన్ని ఉద్దండరాయలు ఏలుతుండేవాడు. ఆయనకు సైన్యం తక్కువ, దర్పం ఎక్కువ.

ఒక ఉగాదినాడు ఆయన ఏనుగెక్కి ఊరేగుతుంటే సాలెవీధిలో బొబ్బట్లు కాలుతున్న కమ్మని వాసన వచ్చింది. కోటకు వచ్చి తన బంగారు పళ్లెంలోని బొబ్బట్టు తుంచితే దానిదీ అచ్చం అదే వాసన. రాయలవారికి తల కొట్టేసినట్టయింది. నేతగాడు తినేదీ తాను తినేదీ ఒకటేనా అని ఏడాదంతా కుమిలిపోయాడు పాపం!

మరుసటి ఉగాది రెండు రోజులుందనగా వంటశాల పెద్ద పేరిందేవిని సభకు పిలిపించాడు. ముప్పై ఏళ్లుగా ఆ పొయ్యిల ముందు నిలబడ్డ మనిషి ఆమె. ఎవరికీ జడిసే రకం కాదు.

"పండగ పొద్దుటి విందుకు వంటకాల పట్టీ రాసి తీసుకురా. అందులో ఉన్నది ఏదీ ఆ రోజు ఊళ్లో మరే ఇంటా వండకూడదు. వండినవాడి పెనం లాక్కుని కొరడా దెబ్బలు కొట్టిస్తాను" అన్నాడు రాజు.

"రాయను ప్రభూ" అంది పేరిందేవి.

మంత్రి కళ్లు తేలేశాడు. ఆమె మాత్రం తగ్గలేదు.

"ఏడాదంతా గంజి తాగి, ఆ ఒక్కపూట పిల్లలకు పులిహోరా బొబ్బట్టూ పెట్టుకునేవాళ్లున్నారు. వాళ్ల నోటి దగ్గరి కూడు లాగే పట్టీ నాచేత రాయించకండి."

"అయితే తాళాలు అక్కడ పెట్టి ఊరు విడిచి పో. మంత్రి రాస్తాడు."

మంత్రి రాస్తే ఊరి పండగ మట్టిపాలేనని ఆమెకు తెలుసు. కాసేపు ఆలోచించింది.

"సరే, నేనే రాస్తాను. మరి ఊళ్లో వండేది తమ పళ్లెంలో పడొచ్చా ప్రభూ?"

"ఛీ! అక్కడ వండేది ఇక్కడికి రాకూడదు, ఇక్కడ వండేది అక్కడ ఉండకూడదు. అదీ మా ఆజ్ఞ!"

మర్నాడు ఆమె పట్టీ తెచ్చింది. వంటకాల పేర్లు చదవడం రాజుల పని కాదని రాయలవారు చూడకుండానే ముద్ర వేశాడు. వెంటనే ఊళ్లో చాటింపు మోగింది.

"నేలవేము కషాయం, ఉప్పులేని జావ, చప్పిడి కాకరకాయ, శొంఠినీళ్లు! రేపు వీటిని ఎవ్వరూ వండరాదహో!"

భయంభయంగా వింటున్న జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వి, ఇళ్లలోకి వెళ్లి శనగపప్పు నానబోసుకున్నారు.

పండగనాడు రాయలవారు పట్టుబట్టలు కట్టుకుని పీట మీద కూర్చున్నాడు. పళ్లెం చూసి ఉలిక్కిపడ్డాడు.

"బొబ్బట్లేవి?"

"ఊళ్లో వండుతున్నారు ప్రభూ."

"పులిహోర?"

"అదీ వండుతున్నారు."

"కనీసం ఉగాది పచ్చడి?"

"అది లేని గడపే లేదు. ఊళ్లో ఎవరూ వండనివి వెతికితే ఇవే మిగిలాయి."

"నీ తల తీయిస్తాను!"

"తీయించండి. ఊరి పొయ్యిలన్నీ ఆర్పించి తినే బొబ్బట్టు నా లెక్కలో మందుతో సమానం. అందుకే మందే వడ్డించాను."

రాయలవారు పంతం కొద్దీ కషాయం ఒక గుక్క తాగాడు. ముఖం వంకర్లు పోయింది. అంతలో సాలెవీధి నుంచి నేతివాసన కిటికీలోంచి వచ్చింది. రాజుగారి కడుపు భోజనశాలంతా వినబడేలా గుర్రుమంది. భటులు పెదవులు బిగబట్టారు. ముందుగా పకపకా నవ్వింది మాత్రం రాజే.

"ఓడిపోయాను తల్లీ! ఒక్క బొబ్బట్టు దొరుకుతుందా?"

"మా ఇంట్లో కాల్చినవి తెచ్చాను" అని పేరిందేవి కొంగుచాటు నుంచి మూట తీసింది, కానీ చేతికివ్వలేదు. "ఇక ఎవరి పొయ్యి జోలికీ రామని ముందు చాటింపు వేయించండి. ఆ తరవాతే బొబ్బట్టు."

చాటింపువాడు పరుగెత్తాడు. డప్పు వినబడేదాకా రాయలవారు మూటనే చూస్తూ కూర్చున్నాడు. తరవాత నాలుగు బొబ్బట్లు వరసపెట్టి తిని, మెడలోని ముత్యాలహారం తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"వచ్చే ఉగాదికీ పట్టీ నువ్వే రాయాలి" అన్నాడు మూతి తుడుచుకుంటూ. "ఈసారి మాత్రం చదివి ముద్ర వేస్తాను."