చెయ్యి ఎత్తకుండా తిన్న దాలయ్య

సాలూరులో దాలయ్య అనే డోలు విద్వాంసుడు ఉండేవాడు. తాళంలో ఒక్కనాడూ తప్పనివాడు, తిండి దగ్గర మాత్రం ఒక్కనాడూ నిజం చెప్పనివాడు. అతని భార్య గౌరమ్మ నా చెల్లెలు. నేను సన్నాయి వాయించేవాణ్ణి. మా ఇద్దరి మేళం లేకపోతే ఆ చుట్టుపక్కల పెళ్ళిళ్ళు వాయిదా పడేవి. నేను ఊదడం మొదలుపెడితే పందిరి మీది కాకులు అరుపు మాని వరసగా కూర్చునేవి. కొన్ని తల కూడా ఊపేవి.

దాలయ్యకు షుగరు జబ్బు ఉంది. అయినా లడ్డూ కనిపిస్తే ఆగలేకపోయేవాడు. ఏం తింటున్నారని డాక్టర్ హైమవతి ఎప్పుడడిగినా రెండు ఇడ్లీలే అనేవాడు. రక్తపరీక్ష వేరే మాట చెప్పేది. విసిగిపోయి ఆవిడ ఒకరోజు అతని కుడిచేతికి గడియారంలాంటి పట్టీ ఒకటి కట్టింది. చెయ్యి నోటిదాకా లేచినప్పుడల్లా అది ఒక ముద్దగా లెక్కపెట్టుకుంటుందట. ఆ లెక్క ఎప్పటికప్పుడు ఆవిడ ఫోనులో కనిపిస్తుందట. మరి డోలు వాయిస్తే ఎలాగని నేను అడిగాను. డోలు నోటి దగ్గర ఉండదు కదా అని ఆవిడ నవ్వింది.

దాలయ్య కొన్నాళ్ళు బుద్ధిగా ఉన్నాడు. తరవాత నాలుక లాగడం మొదలుపెట్టింది. పట్టీ విప్పితే డాక్టరమ్మకు తెలిసిపోతుంది. ఎడమచేత్తో తింటే తెలియదు గానీ, ఎడమచేత్తో తినడమంటే అతనికి ప్రాణం పోయినట్టే. చివరికి అతని వేళ్ళే దారి చూపించాయి. డోలు వాయించేవాళ్ళు కుడిచేతి వేళ్ళకు గట్టి తొడుగులు వేసుకుంటారు. మేళం ముగిసేదాకా వాటిని తియ్యరు. ఒక పెళ్ళిలో దాలయ్య వంటలవైపు వెళ్ళి, అక్కడి వంటావిడకు ఆ తొడుగులు చూపించి, "చెయ్యి ఖాళీ లేదు తల్లీ, కాస్త నోట్లో పెట్టు" అన్నాడు. ఆవిడ జాలిపడి లడ్డూ పెట్టింది. పట్టీ కిక్కురుమనలేదు.

ఇక చూడండి, అతను నోరు తెరుచుకుని పెళ్ళిళ్ళన్నీ తిరిగాడు. ముత్తయిదువలు పెట్టారు, వంటవాళ్ళు పెట్టారు. ఇంట్లోనేమో వేళ్ళు వాచాయని చెప్పి గౌరమ్మ చేత గోరుముద్దలు తిన్నాడు. ఆ పిచ్చిది నిజమేననుకుని నెయ్యి కూడా ఎక్కువే వేసింది. ఆ ఒక్క మాఘమాసంలో అతను మింగిన లడ్డూలు కుప్పపోస్తే ఏనుగు ఎక్కి దిగడానికి పూట పట్టేది. పట్టీని చూసి దాలయ్య, "నువ్వు కాపలా చేతికి గానీ నోటికి కాదు" అని నవ్వుకునేవాడట. ఇవన్నీ నాకు తరవాత తెలిసిన సంగతులు. పెళ్ళిలో నేను కళ్ళు మూసుకుని రాగంలో దిగితే, పక్కన పిడుగు పడినా ఎవరో శ్రుతి తప్పారని మాత్రమే అనుకునేవాణ్ణి.

మళ్ళీ పరీక్ష చేయించేనాటికి షుగరు బాగా పెరిగింది. డాక్టరమ్మ ఫోనులో లెక్క చూసి తికమకపడింది. తిండి పిచ్చుక తిండిలా ఉంది, షుగరేమో ఆకాశంలో ఉంది. నిజంగా ఇంతే తింటున్నారా అని గుచ్చి గుచ్చి అడిగింది. దాలయ్య పట్టీ ఉన్న చెయ్యి చాపి, "మీ మిషనే సాక్ష్యం చెబుతోంది కదమ్మా" అన్నాడు. అయితే మందు చాలడం లేదన్నమాట అనుకుని ఆవిడ మాత్రలు పెంచింది. దాలయ్య విచారించలేదు సరికదా, మందు పెరిగింది కాబట్టి ఇంకో లడ్డూకు చోటు దొరికిందని సంబరపడ్డాడు.

పెరిగిన మాత్రలు చూసి గౌరమ్మ బెదిరిపోయింది. ఈ జబ్బుతోనే మా నాన్న కాలు పోయింది. అది గుర్తొచ్చి దాలయ్య చెయ్యి తీసి తన తల మీద పెట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపుకు అతని గుండె కరిగింది. ఇకమీదట డాక్టరమ్మ చెప్పినదానికన్నా ఒక్క మెతుకు ఎక్కువ తిననని ఒట్టు పెట్టుకున్నాడు. ఈసారి నిజంగానే అన్నాడు.

మర్నాడు పార్వతీపురంలో పగటి పెళ్ళి. గౌరమ్మ కూడా మాతో వచ్చింది. దాలయ్య కొత్త మాత్రలు వేసుకుని, రెండు ఇడ్లీలు తన చేత్తోనే తిన్నాడు. ముత్తయిదువలు లడ్డూలు తెస్తే తల అడ్డంగా ఊపి పంపేశాడు. ఎదురుకోలు దగ్గర్నుంచీ ఆగకుండా వాయించాడు. ముహూర్తం దగ్గరపడుతుండగా నా చెవిన పడకూడనిది పడింది. దాలయ్య తాళం తప్పింది. కళ్ళు తెరిచి చూస్తే చెమటతో తడిసిపోయి, చేతులు వణుకుతూ పక్కకు ఒరిగిపోతున్నాడు. నేను ఒక చేత్తో సన్నాయి పాట ఆపకుండానే రెండో చేత్తో అతణ్ణి పట్టుకున్నాను. డోలుతో సహా పట్టుకున్నాను.

పందిరంతా మూగింది. షుగరు పడిపోయింది, తీపి ఇవ్వమని ఒకరన్నారు. షుగరు మనిషికి తీపి ఇచ్చి చంపుతారా అని ఇంకొకరు అడ్డం పడ్డారు. గౌరమ్మ పానకం గ్లాసు పట్టుకుని, పట్టించాలో వద్దో తెలియక నిలబడిపోయింది. నేను డాక్టరమ్మకు ఫోను చేసి సంగతి చెప్పి, అందరికీ వినపడేలా పెట్టాను.

"ఇవాళ కూడా రోజూ తిన్నంతే తిన్నట్టుంది. అలాంటప్పుడు ఇవాళే ఏమైంది?" అంది ఆవిడ. "దాలయ్యగారూ, నిజం చెప్పండి. రోజూ ఇంతేనా?"

పెళ్ళివారంతా వింటున్నారు. ఎదురుగా గౌరమ్మ ఉంది.

"కాదమ్మా," అన్నాడు దాలయ్య. "రోజూ పక్కవాళ్ళ చేత పెట్టించుకుని తిన్నాను. ఇవాళే తినలేదు."

"అంటే నేను మీ అబద్ధానికి మందు పెంచానన్నమాట. ఆ మందుకు ఇవాళ తిండి చాలక షుగరు పడిపోయింది. గౌరమ్మా, ఆ పానకం పట్టించు. ఇప్పుడే."

గౌరమ్మ గ్లాసు అతని నోటికి అందించింది. కాసేపటికి ఇంకో గ్లాసు. చేతుల వణుకు తగ్గింది. ముఖంలోకి రంగు వచ్చింది. దాలయ్య లేచి కూర్చుని, ముహూర్తం దాటిపోయిందా అని అడిగాడు.

"ముహూర్తం సంగతి పంతులుగారు చూసుకుంటారు. ముందు నీ వేళ్ళ వాపు సంగతి చెప్పు," అంది గౌరమ్మ. ఏడుస్తూనే నవ్వింది. పందిరి మొత్తం నవ్వింది. అప్పటిదాకా బిగపట్టుకున్న ఊపిరి అందరూ ఒక్కసారే వదిలారేమో, పందిరి గుడ్డ పైకి లేచి పడింది.

గట్టిమేళం నేనొక్కణ్ణే ఊదాను. డోలు లేదన్న సంగతి పెళ్ళికొడుక్కి ఈనాటికీ తెలియదు. తరవాత దాలయ్యను పెళ్ళికారులోనే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరమ్మ పరీక్షించి గండం గడిచిందని చెప్పింది. మాత్రలు తగ్గించింది. ఎప్పుడైనా తీపి తినాలనిపిస్తే తనకు చెప్పి, కొంచెం, సొంత చేత్తోనే తినమంది. దాలయ్య సిగ్గుపడుతూ సరేనన్నాడు. గుండె మీద బరువు దిగినట్టుందని తిరుగుదారిలో నాతో అన్నాడు. ఇప్పుడతనికి షుగరు అదుపులో ఉంది, తాళం ఎప్పటిలాగే ఉంది.

వైద్యం చేసేవారి దగ్గర నిజం దాచకూడదు. మనం చెప్పిన అబద్ధానికి కూడా వాళ్ళు మందు ఇస్తారు, దాన్ని మింగాల్సింది మాత్రం మనమే.