నక్క పెట్టిన రెండో కాపలా

కాలువ గట్టున పాడుబడ్డ మోటారు షెడ్డులో జంతువులన్నిటికీ కలిపి ఒక కంప్యూటర్ ఉండేది. కాలువలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చూసి, ముంపు వచ్చేలా ఉంటే సైరన్ మోగించడం దాని పని. సరిగ్గా ముసురు పట్టిన రోజే అది మొరాయించింది. ఫ్యాను ఒకటే రొద. తెర మీద అంకెలు మాత్రం పొద్దుటివే.

"ఎద్దు మామా, నా పిల్లలింకా కళ్లు తెరవలేదు. బొరియలో ఉండాలా, తీసుకుని పోవాలా?" ఏడుపు గొంతుతో అడిగింది కుందేలు.

"దీని పనైపోయిందమ్మా," అంది నక్క జాలిగా. "పిల్లల్ని మా ఇంటికి తెచ్చెయ్. పొడి నేల, వెచ్చగా ఉంటుంది."

ఆ జాలి ఎవరి కడుపు కోసమో వేరే చెప్పాలా!

ఎద్దు కదల్లేదు. "సంగతేంటో తేలేదాకా ఎవరూ ఎక్కడికీ పోవద్దు," అంటూ కొమ్ము కొసతో మీటలు నొక్కసాగింది. కంప్యూటర్‌ను ఆపి మళ్లీ పెట్టింది. కాసేపటికే మళ్లీ రొద. కోతి తెరిచి వదిలేసిన పాటలన్నీ మూసింది. అయినా అంతే.

"ఎందుకు మామా ఈ చాకిరీ?" నక్క తొందరపెట్టింది.

"నాగలి ఆగితే నాగలి పారేస్తామా అల్లుడూ? కింద రాయేదో వెతుకుతాం."

ఏ ప్రోగ్రాము ఎంత పని చేస్తోందో చూపే టాస్క్ మేనేజర్ తెరిచింది. ప్రాసెసర్ మొత్తాన్నీ రెండే రెండు ప్రోగ్రాములు తినేస్తున్నాయి. రెండూ వైరస్ రాకుండా కాపలా కాసేవే! ఒకటి ముట్టుకున్న ఫైలును రెండోది అనుమానంగా తనిఖీ చేస్తోంది. అది చూసి మొదటిది ఉలిక్కిపడి మళ్లీ మొదలుపెడుతోంది. ఇక నీళ్లను పట్టించుకునే తీరికేదీ?

"ఒక కాపలా మనందరం పెట్టుకున్నదే. రెండోది ఎవరిది?" అడిగింది ఎద్దు.

"నేనే పెట్టా, మీ మంచికే," నక్క గొణిగింది. "తీస్తే దొంగలు పడతారు మామా!"

"మొదటిది ఉందిగా," అని ఎద్దు రెండోదాన్ని పీకేసింది. రొద తగ్గింది. అంకెలు గబగబా మారాయి. సైరన్ గుయ్యిమంది.

"ఎటు మామా ముంపు?" అంటూ కుందేలు తెర దగ్గరికి గెంతింది.

"నీ గట్టుకు కాదమ్మా, పిల్లల దగ్గరికి పో. నీళ్లు పల్లంలోని తూము వైపు మళ్లాయి." ఎద్దు నక్క వైపు తిరిగింది. "నీ ఇల్లు అక్కడే కదూ అల్లుడూ?"

నక్క పరుగు లంకించుకుంది. అప్పటికే ఇల్లు నిండా నీళ్లు. దాచుకున్న కోళ్లన్నీ కొట్టుకుపోతున్నాయి. తడిసి ముద్దయి గట్టెక్కి, "ముందే ఎవరూ చెప్పలేదేం!" అని ఊళ పెట్టింది.

"చెప్పేదాని నోరు నొక్కింది నువ్వే కదా," అంది ఎద్దు.

నీతి: అందరినీ హెచ్చరించే గొంతును ఆపినవాడికి, తన ఇంటి మీదికొచ్చిన ముప్పు కూడా తెలియదు.