ఏరు దాటని ఉలవలు

ఏటికి ఇవతల ఎలుగుబంటి నూనెగానుగ, అవతల పచ్చిక బీడు. గానుగ తిప్పే పుల్లెద్దుకు కూలి తెలగపిండి. బీడు మీద చెల్లేది మాత్రం ఉలవలే.

పుల్లెద్దు పెళ్లాం కపిలావు బీడులో ఉంటుంది. తొలిచూలు, నిన్ననే ఈనింది. బాలింతకు ఉలవజావ పడకపోతే పాలు దిగవు, పాలు లేకపోతే దూడ నిలవదు. గానుగ వదిలి ఎద్దు కదలలేదు. ఇదివరకు ఇలాంటి మూటలన్నీ నక్క మోసేది. బుట్టెడు ఎత్తుకుంటే అవతల దోసెడు దించేది. అడిగితే "దారిలో ఒలికిపోయింది" అనేది, మూతి కూడా తుడుచుకోకుండా!

ఈమధ్య కాకి, దాని మొగుడు ఏటికి చెరో గట్టున కొట్లు పెట్టాయి. ఎద్దు తన తెలగపిండి బుట్ట తీసుకెళ్లి ఇవతలి గట్టు కాకి ముందు దించింది.

"కాకి వదినా, ఈ పిండిని ఉలవలుగా మార్చి కపిలకి చేర్చాలి. ఈ పూటే."

"చేరినట్టే అనుకో మరిదీ," అంది కాకి. పిండి కొలిచి, తన కూలి చిటికెడు తీసి ఎద్దుకు చూపించి, మిగతాది లోపల పెట్టింది. తుమ్మచెట్టెక్కి అవతలి గట్టు వైపు నాలుగుసార్లు కావుకావుమని దిగొచ్చింది.

నక్క పకపకా నవ్వింది. "చూశావా బావా! నీ పిండి తను దాచుకుని నీ పెళ్లానికి అరుపులు పంపింది. అరుపులు నానబెట్టి జావ కాస్తారా?"

ఎద్దు కాకి వైపు తిరిగింది. "వదినా..."

"నమ్మకం లేకపోతే బుట్ట పట్టుకుపో," అంది కాకి. "మా కొట్లో గింజ తరిగిందని ఎవరన్నా అన్నారేమో ముందు అడిగి రా."

ఎద్దు కాసేపు నెమరు వేసింది. "ఉండనీ వదినా," అంది.

నక్కకు ఒళ్లు మండింది. "అయితే పందెం! పొద్దు వాలేలోగా ఉలవలు చేరకపోతే ఇక నీ మూటలన్నీ నేనే మోస్తా, సగం నాది. చేరాయా, రేపంతా నీ బదులు గానుగ నేనే తిప్పుతా."

ఎలుగుబంటి సాక్షిగా నిలిచింది.

ఏరు దాటడానికి ఉన్నది ఒకటే రేవు. నక్క వెళ్లి దానికి అడ్డంగా కూచుంది. మూటలు మోసి బతికిన ప్రాణం కదా, సొమ్మంటే ఎవరో ఒకరి వీపు మీదే రావాలని దాని లెక్క. ఎండకి నాలుక వేలాడింది, ఇసుకకి పిర్రలు కాలాయి. రేవులో ఉడత కూడా దాటలేదు.

పొద్దు వాలగానే ఎలుగుబంటిని వెంటబెట్టుకుని మీసం తిప్పుకుంటూ అవతలికి వెళ్లింది. కాకి వాళ్ల పైనే ఎగిరింది.

తీరా చూస్తే కపిలావు ఉలవజావ తొట్టిలో మూతి పెట్టి ఉంది. దూడ పొదుగు కుమ్ముతోంది.

"దొంగ ఉలవలు!" అని అరిచింది నక్క. "పొద్దంతా రేవులోనే ఉన్నా. ఒక్క గింజ దాటలేదు!"

"దాటలేదు నక్కన్నా, నిజమే," అంది కాకి. "ఇక్కడి గొర్రెలు గానుగ గట్టున ఉన్న తమవాళ్లకి పంపమని ఇచ్చిన ఉలవలు ఈ కొట్లో ఉన్నాయి. ఎద్దు పిండి ఆ కొట్లో ఉంది. ఆ పిండి గొర్రెల తాలూకు వాళ్లకి, ఈ ఉలవలు కపిలకి. ఏరు దాటింది నా కూత ఒక్కటే. అది విని మా ఆయన కొలిచి ఇచ్చాడు. నువ్వు రేవులో కూచునేసరికే జావ పొయ్యి మీదుంది."

నక్క తోక ముడుచుకుని రేవు వైపు జారుకోబోయింది.

"తెల్లారగానే వచ్చెయ్, కాడి సిద్ధంగా ఉంటుంది," అంది ఎలుగుబంటి.

మర్నాడు నక్క మెడకు కాడి పడింది. గానుగ కిర్రుమంది గానీ జానెడు కదలలేదు. అదే పొద్దున ఎద్దు ఏరు దాటి తన దూడను మొదటిసారి చూసుకుంది. నుదుట అచ్చం తనకున్నట్టే తెల్లచుక్క. నాలుకతో దాన్ని పదేపదే నాకింది.

"కాకితో కబురు పంపినా చాలంటారు లోకులు," అంది పైనుంచి కాకి, రెక్కలు విప్పుకుని. "పంపి చూడమను మరిదీ. కబురే కాదు, కడుపు కూడా నింపుతాం!"

నీతి: మాట తప్పనివాడి చేతిలో పెట్టిన సొమ్ముకు ఏ ఏరూ అడ్డు కాదు.