ఇంటి నీళ్ల ముంత

ఒక కొండ మీద నీళ్ల రుచి నేర్పే విశ్వవిద్యాలయం ఉండేది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు తమ పిల్లల్లో ఒకరిని ఎంచి అక్కడికి పంపేవాళ్లు. నాలుగేళ్లు చదివి వచ్చిన మనిషి ఏ బావి నీళ్లు తాగొచ్చో, ఏవి తాగకూడదో చెబితే ఊరంతా ఆ మాట వినేది. తవ్వేవాళ్లు వేరే ఉంటారు, తోడేవాళ్లు వేరే ఉంటారు. తేల్చి చెప్పాల్సింది మాత్రం ఆ ఒక్క నాలుకే.

అక్కడ ఒక ఆచారం ఉంది. చేరే రోజున ప్రతి విద్యార్థీ తన ఇంటినుంచి ముంతెడు నీళ్లు తెచ్చుకోవాలి. రోజూ పొద్దున పళ్లు తోముకున్నాక, ఆ నీళ్లు ఒక చుక్క నాలుక మీద వేసుకుని రుచేమిటో పైకి చెప్పాలి. ఆ తర్వాతే పాఠం. సెలవులకి వెళ్లినప్పుడు ముంత మళ్లీ నింపుకురావాలి. సొంత ఊరి నీళ్లు గుర్తులేనివాడు పరాయి ఊరి నీళ్లని ఏం తేలుస్తాడని ఆ ఆచారం పెట్టినవాళ్లు అనుకున్నారు.

మొదటి పాఠం చాలా చిన్నది. "మంచినీళ్లకి రుచి ఉండదు. తియ్యగా ఉన్నాయనిపిస్తే ముందు మీ నాలుకని అనుమానించండి," అని ముసలి ఆచార్యుడు చెప్పేవాడు. అందరూ బుద్ధిగా రాసుకునేవాళ్లు. రాసుకున్న పేజీని మళ్లీ తిప్పినవాళ్లు తక్కువ.

ఒక ఏడాది, రాళ్ల ఊరు అనే ఊరినుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఆ ఊరి బావి నీళ్లు తాగితే ముప్పై ఏళ్లకే మోకాళ్లు వంగిపోతాయి. ముంత పట్టుకుని కొండ దాకా తోడొచ్చిన మేనత్తకి ఇంకా నలభై నిండలేదు. ఒక చెయ్యి మోకాలికి ఆన్చుకుంటే గానీ అడుగు పడదు. గేటు దగ్గర ముంత అందిస్తూ, "మంచిగ నేర్సుకో బిడ్డా. మనూరి పోరగాండ్ల మోకాళ్లన్న సక్కగుండాలె," అంది.

రోజూ పొద్దున విద్యార్థులు వరసగా నిలబడి తమ నీళ్ల రుచి చెప్పేవాళ్లు. సముద్రం ఒడ్డు కుర్రాడు "ఉప్పు" అనేవాడు. గనుల ఊరి పిల్ల "ఇనుము" అనేది. మంచి బావులున్న ఊళ్లవాళ్లు "ఏమీ లేదు" అనేసి టిఫిన్‌కి పరిగెత్తేవాళ్లు. రాళ్ల ఊరి అమ్మాయి "చేదు" అనేది. అనగానే మేనత్త నడక కళ్ల ముందుకొచ్చేది. రోజూ అలా మొదలవడం ఎవరికైనా కష్టమే.

రెండో ఏడు ఒక శనివారం మధ్యాహ్నం, స్నేహితురాలు ఆమెని హాస్టల్ మేడ మీదికి తీసుకెళ్లింది. అక్కడ పదిమంది ఉన్నారు. వాళ్ల మధ్య పై తరగతి కుర్రాడొకడు చిన్న సీసా పట్టుకుని కూర్చున్నాడు. అందులో నల్లటి తేనె ఉంది. కొండకి అవతలి వాలులో పూసే ఏదో పువ్వుది. ఒక్క చుక్క నాలుక మీద వేసుకుంటే మర్నాటి దాకా ఏది తాకినా తియ్యగా ఉంటుంది. మెస్సులో మాడిన పప్పు కూడా తియ్యనే. ఒకడు తుప్పుపట్టిన కుళాయిని నాకి "పాకం, పాకం" అని అరుస్తుంటే మిగతావాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు.

ఆ తేనె కుర్రాడు చెడ్డవాడు కాదు. హాస్టల్లో ఎవరికి జ్వరమొచ్చినా కషాయం కాచి తెచ్చేది అతనే. తనకి బాగున్నది పదిమందికీ పెట్టాలనుకునే రకం.

"వద్దన్నా. పొద్దున ముంత ఉంది కదా," అంది అమ్మాయి.

"రేపు ఆదివారం. ఆదివారం నాలుకతో ఎవరికి పని?" అన్నాడతను.

ఆమె ఒక చుక్క వేసుకుంది. కాసేపు నవ్వింది, పాడింది, కుళాయి కూడా నాకింది. తర్వాత ఏం తోచిందో, గదికి వెళ్లి తన ముంత తెచ్చుకుని కొంచెం నోట్లో పోసుకుంది. 

"మా బాయి నీళ్లు తియ్యగున్నయి," అంది. అంటూనే ఏడ్చింది. పుట్టి బుద్ధెరిగాక ఆ నీళ్లలో చేదు లేకపోవడం అదే మొదటిసారి. మేనత్త మోకాళ్లు గుర్తుకు రాలేదు. ఇంత హాయి ఉంటుందని ఆమెకి తెలియదు, పాపం.

మిగతావాళ్లు నవ్వుకోడానికి వేసుకున్నారు. ఆమె ఆ తర్వాతినుంచి ముంత కోసం వేసుకుంది. మొదట శనివారాలు, తర్వాత బుధవారాలు కూడా, చివరికి రోజూ పొద్దున వరసలో నిలబడబోయే ముందు. వరసలో మాత్రం "చేదు" అనే చెప్పేది. ఆ మాట ఆమెకి కంఠతా వచ్చు. ఆచార్యుడు తల పైకెత్తకుండా పుస్తకంలో "చేదు" అని రాసుకునేవాడు.

ఇక పరీక్షలో దొరికిపోతుందని మీరు అనుకోవచ్చు. ఆ విశ్వవిద్యాలయంలో చివరి పరీక్షకి ఏడు గ్లాసులు పెడతారు. ముప్పై ఏళ్లుగా ఆ ఏడింటినీ ఒకే వరసలో పెడుతున్నారు. ఉప్పు, చవుడు, ఇనుము, గంధకం, చేదు, నాచు, చివరిది మంచినీళ్లు. ఈ వరస వంటవాడికి కూడా తెలుసు. అమ్మాయి మొదటి తరగతిలో నెగ్గింది.

తేనె వేసుకున్న వాళ్లందరూ పాడైపోయారని చెప్పలేం. మంచి బావులున్న ఊళ్లవాళ్లు ఇళ్లకి పోయి, ఎప్పటినుంచో తాగుతున్న నీళ్లని మళ్లీ మంచివే అన్నారు. వాళ్ల నాలుక పనిచేసినా చెయ్యకపోయినా ఎవరి మోకాలూ వంగలేదు. తేనె కుర్రాడు అక్కడే ఆచార్యుడయ్యాడు. అతను గ్లాసులు పెట్టే వరస మార్చలేదు.

అమ్మాయి రాళ్ల ఊరికి తిరిగొచ్చింది. ఊరివాళ్లు ఆమె వచ్చేసరికి రాయి పగలగొట్టి మూడు కొత్త బావులు తవ్వి ఉంచారు. అందరూ పనులు మానుకుని వచ్చి నిలబడ్డారు. మొదటి బావినుంచి చేంతాడేసి తోడి, గ్లాసు చేతికిచ్చారు. తియ్యగా ఉన్నాయి. రెండోదీ అంతే. మూడోదీ అంతే.

ఆమె గ్లాసు కింద పెట్టి, "పాత బాయి నీళ్లు తేరి," అంది. తెచ్చారు. అవీ తియ్యగానే ఉన్నాయి. తేనె ముట్టక రెండు రోజులైనా తన నాలుక బాగుపడలేదని అప్పుడు ఆమెకి తెలిసింది.

"ఏ బాయి బిడ్డా?" అన్నాడు ఊరిపెద్ద.

ఏదో ఒకటి వేలు పెట్టి చూపిస్తే సరిపోయేది. అందరూ నమ్మేవాళ్లు, చప్పట్లు కూడా కొట్టేవాళ్లు. వేలు లేచింది కూడా. ఎదురుగా మేనత్త పక్కింటి పసిపిల్లని చంకనేసుకుని నిలబడి ఉంది. దాని కాళ్లు తిన్నగా వేలాడుతున్నాయి. అమ్మాయి వేలు దించేసింది.

"నాకు తెల్వది. నా నాలిక కరాబు చేస్కున్న," అంది.

 అందరూ ఒక్కసారే మాట్లాడారు. ఆ మాటల్లో కొన్నిటిని ఆమె మర్చిపోలేకపోయింది.

"ఇంకొకర్ని పిలిపిద్దాం ఆ కొండ మీదికెళ్లి," అన్నాడు ఊరిపెద్ద.

"వాళ్ల నాలికలు ఎట్లున్నయో గూడ నాకు తెల్వది," అంది అమ్మాయి. " నేనే తాగుత. మొదటి బాయి నీళ్లు నేనొక్కదాన్నే తాగుత. మీరెవ్వరు ముట్టొద్దు. నా నాలికన్న చెప్తది, లేకుంటే నా మోకాళ్లన్న చెప్తయి."

"అందాక మేం పాత బాయి నీళ్లే తాగాల్నా?" అని వెనకనుంచి ఒక ఆడమనిషి అడిగింది. అమ్మాయి మొదటి బావి చేంతాడు అందుకుంది.

ఇంటికెళ్లాక ఆమె సంచిలోంచి చిన్న సీసా తీసి మేనత్త చేతిలో పెట్టింది. "ఇది పారబొయ్యి అత్తా. నాతోని కాదు." మేనత్త మూత తీసి వాసన చూసి, ఏమీ అడగకుండా పెరట్లో రాళ్ల మీద వంపేసింది.

మొదటి నెలలు గడవడం చాలా కష్టమైంది. అన్నం సయించేది కాదు. అయినా కొండ మీద నేర్పిన ప్రకారం రోజూ పొద్దున పాత బావి నీళ్లు ఒక చుక్క వేసుకునేది. మేనత్త ముందు నిలబడి, ఈసారి ఉన్నది ఉన్నట్టు "తియ్యగ" అని చెప్పేది. మేనత్త తల ఊపి పనిలో పడేది. చలికాలం వెళ్లింది, ఎండాకాలం వెళ్లింది. అమ్మాయి ఎడమ మోకాలు పట్టేయడం మొదలుపెట్టింది.

పదకొండో నెలలో ఒక పొద్దున ఆమె చుక్క వేసుకుని ముఖం చిట్లించింది. మళ్లీ వేసుకుంది. వాకిట్లో కూలబడి పెద్దగా నవ్వింది.

"చేదు! అత్తా, చేదుగున్నయి!"

"చేదైతె నవ్వుతవేందే?" అంది మేనత్త. ఆమెకీ నవ్వొచ్చింది.

ఇద్దరూ మొదటి బావి దగ్గరికి వెళ్లారు. పదకొండు నెలలు తాగిన ఆ నీళ్లూ అంతే చేదు. రెండోది ఇంకా చేదు. ఈలోగా ఊరంతా పోగైంది. అమ్మాయి ఒక చెయ్యి మోకాలికి ఆన్చుకుని మూడో బావి దాకా నడిచింది. గ్లాసు ఎత్తి ఒక గుటక తాగింది, నమ్మకం కుదరక ఇంకో గుటక తాగింది. తర్వాత గ్లాసు మేనత్తకి ఇచ్చింది.

మేనత్త అమ్మాయి వంగిన మోకాలి వంక చూసి, గ్లాసు ఖాళీ చేసింది.

"సప్పగున్నయి కదనే," అంది, కొంచెం నిరాశగా.

"ఔ, సప్పగున్నయి," అంది అమ్మాయి. పసిపిల్ల కోసం ఇంకో గ్లాసు ముంచింది.